మూడు రాగి చీలలు

కర్రను కంటితో చూడకముందే తాతారావు దాన్ని వాసనతో గుర్తుపట్టాడు. ఆటో వెనక తాళ్ళతో బిగించిన పలకలు ఇంకా కిందికి దించనేలేదు. గుగ్గిలమూ చేపనూనే కలిసి ఏళ్ళతరబడి మాగిన వాసన, ఎండకు మెత్తబడిన తారు వాసనను వెంటబెట్టుకుని, షెడ్డు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. అతని చేతిలో చిత్రిక ఆగిపోయింది.

పడవ కర్రను ముట్టి అతనికి తొమ్మిదేళ్ళయింది. వశిష్ఠ గోదావరి గట్టున తాతలనాటి ఇల్లు అమ్మేసి, అమలాపురం వచ్చి, నది కనబడని వీధి వెతుక్కుని, రేకుల షెడ్డు వేసుకున్నాడు. మైకుసెట్ల వాళ్ళకు సౌండు బాక్సులు చేస్తున్నాడు. అతను చేసిన పెట్టె ఊపిరి బయటికి వదలదని జిల్లా అంతా పేరు. నీళ్ళు లోపలికి రానివ్వని చేతికి గాలిని బయటికి పోనివ్వకుండా ఆపడం పెద్ద పని కాదు.

"తాతారావు గారి షెడ్డు ఇదేనాండీ?"

గుమ్మంలో పాతికేళ్ళ లోపు అమ్మాయి నిలబడి ఉంది. బండారులంక నూలు చీర, భుజాన నల్లసంచిలో గిటారు.

"ఆయ్, ఇదేనమ్మా."

"నా పేరు ప్రసన్నండి. ఇక్కడ బడిలో సంగీతం చెబుతాను. సెలవు రోజుల్లో పాటకచేరీలకి గిటారు వాయిస్తాను. నా గిటారుకి ఒక బాక్సు కావాలండి."

"చేసినవి నాలుగున్నాయి చూడమ్మా. ఏనుగు తొక్కినా పగలవు."

"అవి మైకులకండి. పెళ్ళిమంత్రమూ, బాజా, పాటా అన్నిటినీ ఒక్కలాగే అరిపిస్తాయి. గిటారు పెట్టె అలాక్కాదండి. తీగ సగం పలికితే మిగతా సగం పెట్టె పలకాలి. దానికి మంచి కర్ర కావాలి. కర్ర నేనే తెచ్చుకున్నాను."

సమాధానం తెలిసే అడిగాడు తాతారావు, "ఎక్కడిదమ్మా ఈ కర్ర?"

"మా నాన్న పడవదండి. సరంగు ముత్యాలు గారు మా నాన్న."

తాతారావు చేతిలోని చిత్రికను బల్ల మీద పెట్టాడు. పెట్టినచోటు వంకరగా ఉందనిపించి, తీసి మళ్ళీ పెట్టాడు.

"బంగారరాజు గారి తోటలో తొమ్మిదేళ్ళు బోర్లా పడి ఉందండి పడవ. మొన్న వంటచెరుకుకి కొట్టిస్తున్నారని తెలిసి వెళ్ళి అడిగేను. 'మీ నాన్న ముంచిన పడవే కదమ్మా, నువ్వు కాక ఇంకెవరు పట్టుకుపోతారు' అని నవ్వేరు ఆయన. మిగిలినవి ఏడు పలకలండి."

"పడవ టేకు బరువమ్మా. పెట్టె చేస్తే మొయ్యలేరు మీరు."

"మోసేదాన్ని నేను కదండీ." ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. "ఈ పడవ కట్టింది మీరేనట కదా. తాతారావు బావ మూడు చీలలు కొట్టేడంటే ఆ పలక మీద కళ్ళు మూసుకు పడుకోవచ్చని మా నాన్న అంటుండేవారు. మిమ్మల్ని మావయ్యగారూ అని పిలవొచ్చాండీ?"

పిలవవద్దనలేక తల ఊపాడు.

"ఆషాఢంలో పడవ మునిగిన రోజుకి ఇచ్చెయ్యాలండి. పోయినవాళ్ళ తాలూకు మనుషులంతా ఏటా రేవులో పొద్దున్నే దీపాలు వదులుతారు. మా అమ్మని మాత్రం గట్టు దిగనివ్వరు. తాగి జనాన్ని ముంచినవాడి పెళ్ళానికి దీపమేమిటంటారు. ఈ ఏడు అమ్మ పక్కన గట్టు మీదే నిలబడి, నాన్న పాడే పడవపాట వాయిస్తానండి. మనిషిని ఆపగలరు గానీ పాటని నీళ్ళదాకా పోకుండా ఆపలేరు కదా. ఏడు పలకలూ వాడండి మావయ్యగారూ. బయటి టేకు ఒక్క ముక్క కూడా కలపకండి."

ఆటో వెళ్ళిపోయాక తాతారావు భార్య కామేశ్వరి వెనక గుమ్మంలోంచి వచ్చి పలకల వంక చూసింది. "ఎవరిదండీ ఈ సరుకు?" అని అడిగింది. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, అర్థమైనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

తాతారావు తాత కాలం నుంచీ ఆ ఇంటి వడ్రంగులకు ఒక పద్ధతి ఉంది. పడవకు కొత్త పలక బిగించాక, లోపలివైపు ఒక మూలన మూడు రాగి చీలలు, పొయ్యిరాళ్ళు పేర్చినట్టు, పసుపు అద్ది కొట్టాలి. అవి బిగింపు కోసం కాదు. ఆ పలకకు ఈ ఇల్లు పూచీ అని చెప్పడం కోసం. సరంగులు పడవ ఎక్కగానే వేళ్ళతో ఆ మూడింటినీ తడిమి, ఆ చేతిని కళ్ళకు అద్దుకునేవారు.

తొంభై రెండో సంవత్సరం మాఘంలో, అంతర్వేది తీర్థానికి మూడు రోజుల ముందు, రేవు వేలంపాట పాడుకున్న బంగారరాజు అతన్ని గట్టుకు పిలిపించాడు. పడవ అడుగు పలకల్లో ఒకదానికి అరచేయంత మేర పుచ్చు పట్టింది. పలక మొత్తం మార్చాలన్నాడు తాతారావు. "టేకు తెప్పించి, కోయించి, ఆరబెట్టేదాకా తీర్థం జనాన్ని ఈదుకుంటూ వెళ్ళమంటావా? ఈ నాలుగురోజులకీ ఏదో ముక్క వెయ్యి. తీర్థం వెళ్ళేక నువ్వన్నట్టే చేద్దాం," అన్నాడు బంగారరాజు. తాతారావు ఆయ్ అన్నాడు. పుచ్చు తొలిచి, ఆ కంతలో మామిడి ముక్క దిగ్గొట్టి, గుగ్గిలం ముద్ద కూరి, పైన తారు పూశాడు. పని అయిపోయింది. కానీ చేతులు ఆగలేదు. నలభై ఏళ్ళ అలవాటు మీద, మనసు వేరేచోట ఉండగా, ఆ చేతులు పసుపు అద్ది మూడు చీలలు కొట్టేశాయి.

మర్నాడు ముత్యాలు వచ్చి వంగి చూశాడు. అడుగున తారు కొత్తగా ఉందేమని అడగబోయి, చీలలు వేలికి తగలగానే ఆగిపోయాడు. "బావ గుర్తుంది. ఇంక నాకేం కావాలి," అని నవ్వాడు.

తీర్థం వెళ్ళిపోయింది. బంగారరాజు ఆ ఊసు ఎత్తలేదు, తాతారావూ గుర్తు చెయ్యలేదు. ఆషాఢంలో వరద ఎర్రనీళ్ళు దిగిన నాలుగోనాడు నడిగోదాట్లో పడవ మునిగింది. ముప్ఫైమందికి చాలే పడవలో ఆ పొద్దున ఎక్కింది ఇరవైరెండుమంది. పదకొండుమందీ, మిగతావాళ్ళను ఒక్కొక్కరినే గట్టువైపు నెడుతూ ముత్యాలూ పోయారు. బతికి బయటపడినవాళ్ళు ఒకే మాట చెప్పారు: మునిగే ముందు పడవ అడుగున ఎవరో గొంతు పుక్కిలించినట్టు చప్పుడైందని.

విచారణకు వచ్చిన అధికారి పడవను తిరగేయించలేదు. కుర్చీలో కూర్చుని తాతారావును ఒక్క ప్రశ్న అడిగాడు: "పడవ గట్టిదేనా?" కుర్చీ పక్కనే బంగారరాజు నిలబడి ఉన్నాడు. "గట్టిదేనండి," అన్నాడు తాతారావు. గట్టి పడవ ఊరికే మునగదు కనుక, సరంగు తాగి ఉండాలని కాగితం మీద రాసేశారు. రాసినవాడికి అదొక వాక్యం. ముత్యాలు పెళ్ళాం వీరలక్ష్మికీ ఆమె కూతురికీ తొమ్మిదేళ్ళ బతుకు.

జ్యేష్ఠం వచ్చాక గాని తాతారావు పని మొదలుపెట్టలేదు. ఒక్కొక్క పలకా గీకి తారు తీస్తూ, వెనక్కి తిప్పి చూసి, ఊపిరి పీల్చుకుంటూ వచ్చాడు. ఆరో పలక మీద ఉలి కింద పచ్చగా మెరిసింది. చిలుము పట్టిన రాగి. ఒకటి, దాని పక్కన ఒకటి, రెండింటి పైన ఒకటి. పక్కనే మామిడి ముక్క, ఒక అంచున కూరిన గుగ్గిలం రాలిపోయి, గోరు దూరేంత సందు.

ఆ పలకను పొయ్యిలో పెట్టవచ్చు. కానీ ఆ అమ్మాయి లెక్క చెప్పి వెళ్ళింది. అంచేత అతను చేతనైన పనే చేశాడు. ఆ పలకను పెట్టెకు వెనక పలకగా కోసి, అతుకు లోపలివైపు ఉండేలా తిప్పాడు. సందులో లప్పం కూరాడు. పైన నల్లరంగు వేశాడు. స్క్రూలు బిగించి, పన్నెండంగుళాల స్పీకరు కూర్చి, కబురు పెట్టాడు.

ప్రసన్న మధ్యాహ్నం బడి విరామంలో వచ్చింది. పెట్టెను చుట్టూ తిరిగి నిమిరింది. యాంప్లిఫయరు తీగ తగిలించి, గిటారు ఒళ్ళో పెట్టుకుని, సన్నతీగ మీంచి మొదలుపెట్టి కిందికి దిగింది. అలాంటి శబ్దం తన షెడ్డులో తాతారావు ఎన్నడూ వినలేదు. అది రేకుల్ని అదరగొట్టే చప్పుడు కాదు, ఒడ్డుకు దూరంగా ఎవరో పిలుస్తున్నట్టుంది. అన్నిటికంటే లావు తీగ మీద మూడో మెట్టుకు వచ్చేసరికి పెట్టెలో ఏదో గొంతు పుక్కిలించింది.

ప్రసన్న చెయ్యి ఆపింది. మళ్ళీ అదే మెట్టు నొక్కింది. మళ్ళీ అదే గుడగుడ.

"స్క్రూ వదులై ఉంటుందమ్మా," అన్నాడు తాతారావు. "నాలుగురోజులు ఉంచండి. నేను చూస్తాను."

అతను చూశాడు. స్క్రూలు మార్చాడు, మూలల్లో కొబ్బరిపీచు దట్టించాడు, లప్పం మీద లప్పం పూశాడు. మైకుసెట్టు కుర్రాళ్ళు వచ్చి పాట పెడితే పెట్టె శుభ్రంగా పాడేది. వాళ్ళు వెళ్ళాక, పట్టపగలు, కరెంటు లేని షెడ్డులో, వేలి కణుపుతో వెనక పలక మీద తడితే లోపలినుంచి జవాబు వచ్చేది. ప్రతి పొద్దునా పెట్టె వెనక రంగు మీద అరచేయంత మేర తడి కనిపించేది. తుడిచేవాడు. జ్యేష్ఠంలో గాలికి చెమ్మ సహజమని తనకు తానే చెప్పుకునేవాడు. అదే చెమ్మ మిగతా ఆరు పలకల మీద ఎందుకు లేదో మాత్రం చెప్పుకోలేకపోయేవాడు. కామేశ్వరి నూతిలో చేద ముంచితే ఉలిక్కిపడేవాడు. కొబ్బరిబొండం నీళ్ళు చెంబులోకి వంపుతుంటే లేచి వీధిలోకి పోయేవాడు.

"నాలుగురోజులై అన్నం కెలుకుతున్నారు. ఆ పెట్టె ఇచ్చెయ్యండి, పీడ వదులుతుంది," అంది కామేశ్వరి.

"ఇస్తే వదిలేది కాదే అది."

"అయితే అది పెట్టెలో లేదన్నమాట," అని ఆమె కంచం తీసుకుని వెళ్ళిపోయింది.

ఐదోనాడు ప్రసన్న వచ్చి, ఆ మెట్టే మోగిస్తూ, రెండో చేత్తో పలకలన్నీ తడుముతూ పోయింది. ఆ చెయ్యి వెనక పలక దగ్గర ఆగింది.

"ఇక్కడండి. ఈ పలక ఊపిరి తీస్తోంది. విప్పి చూద్దామా మావయ్యగారూ?"

"మీరు బడికి వెళ్ళండమ్మా. సాయంత్రానికి నేను..."

మాట పూర్తికాకుండానే అతను మూలనున్న ఇనుప మూకుడు తీసి గుగ్గిలం కరగబెట్టడానికి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. లప్పం ఆపలేనిది గుగ్గిలం ఆపుతుంది. నూనె పోశాడు. పొగ లేచింది. గరిటె తిప్పుతున్న తన చేతిని చూసుకున్నాడు. అదే మూకుడు. అదే గరిటె. అదే పని, రెండోసారి. మొదటిసారి ఆ పలక మీద ఎక్కబోయేవాళ్ళు అతని కళ్ళెదుట లేరు. ఈసారి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది.

మూకుడు దించి నేలమీద బోర్లించాడు. ఒక్కొక్క స్క్రూ విప్పి, వెనక పలక ఊడదీసి, ఆ అమ్మాయి కాళ్ళ ముందు వెలుగులో పెట్టాడు. ప్రసన్న వంగి, రాగి చీలల మీద వేలు పెట్టబోయి, పక్కనున్న ముక్కను చూసింది.

"ఇది టేకు కాదు కదండీ."

"కాదమ్మా. మామిడి."

అతను దాచకుండా చెప్పాడు. పుచ్చు దగ్గర మొదలుపెట్టి, తీర్థం, మూడు రోజుల గడువు, తారు, చీలలు, కుర్చీలో అధికారి, తను అన్న ఒక్క మాట వరకూ. చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి పలక వంకే చూసింది.

"మా నాన్న తాగలేదు," అంది చివరికి.

"లేదమ్మా. ఆయన కల్లు కూడా ముట్టేవారు కాదు. నాకు తెలుసు."

"తెలిసీ తొమ్మిదేళ్ళు..."

"ఆయ్."

"మా అమ్మ నీళ్ళ బిందె పెడితే పక్క బిందెలు తీసేసేవారండి. నన్ను బళ్ళో ముంచినోడి కూతురా అని పిలిచేవారు. మీకు ఆ సంగతి తెలుసా?"

"విన్నానమ్మా. అందుకే గట్టు మీంచి వచ్చేశాను."

"వినబడకుండా ఉండడానికి," అంది ప్రసన్న. ఏడవలేదు. గిటారును సంచిలో పెట్టి గుండీలు పెట్టింది. తాతారావు చేతులు జోడించబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నాకు చెప్పి ఏం లాభమండీ? మా నాన్న తాగరని నాకెప్పుడూ తెలుసు. తెలియనివాళ్ళకి చెప్పండి."

ఆషాఢంలో పడవ మునిగిన ఆ రోజు పొద్దున రేవులో సన్నగా చినుకు పడుతోంది. గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. పోయిన పదకొండుమంది తాలూకు మనుషులూ మెట్ల మీద చేరారు. ప్రతి ఏడూ లాగే బంగారరాజు తెల్లపంచె కట్టుకుని అందరికంటే ముందు నిలబడి, అరటిదొప్పల్లో దీపాలు తన చేత్తో అందిస్తున్నాడు. గట్టు మీద, టీబడ్డీ చూరు కింద వీరలక్ష్మి కొంగు నెత్తిన కప్పుకుని నిలబడి ఉంది. ఆమె పక్కన ప్రసన్న, బడ్డీలోంచి కరెంటు తీగ లాగి, ఎదురుగా, మెట్ల అంచున పెట్టె పెట్టుకుంది.

ఆ పెట్టెను తాతారావు మళ్ళీ విప్పి మళ్ళీ చేశాడు. వెనక దాచిన పలకను ముందుకు తెచ్చి, స్పీకరు కిందుగా అమర్చాడు. మామిడి ముక్కను, దాని పక్కన చీలలున్న చెక్కతో సహా కోసి తీశాడు. అక్కడ అరచేయంత కంత అలాగే మిగిలింది. దానికి రంగు పూయలేదు, మూత వేయలేదు.

కోసిన ముక్కను తువ్వాలులో చుట్టుకుని అతను మెట్లు దిగాడు.

"ఏం తాతారావూ, ఇన్నాళ్ళకి మా రేవు గుర్తొచ్చిందా?" అన్నాడు బంగారరాజు. "దా, నువ్వూ ఒక దీపం వదులు."

"దీపానికి రాలేదండి. ఒక మాట చెప్పాలని వచ్చేను." జనం వైపు తిరిగాడు. "ముత్యాలు తాగలేదు. పడవ గట్టిది కాదు. పుచ్చిన పలకకి నేను మామిడి ముక్క వేసేను. వేసి, మంచి పలకకి కొట్టే చీలలు దానికి కొట్టేను. వాటిని నమ్మి ఆయన పడవ తోలేడు. అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పేను."

గోదావరి మెట్లను నాకుతున్న చప్పుడు వినిపించింది. బంగారరాజు నవ్వాడు.

"విన్నారా? వేసింది తనేనట. గుర్తు తనదేనట. నీ మెడకి నువ్వే తాడు పేనుకుంటున్నావురా, వెర్రి సన్నాసీ!"

"ఆయ్, వేసింది నేనేనండి. వెయ్యమన్నది మీరు. తీర్థం వెళ్ళేక మారుద్దామన్నదీ మీరే. రెండూ రాసి, నిన్న అమలాపురంలో వకీలు గారి దగ్గర సంతకం పెట్టి వచ్చేను. పోలీసులకి ఒక కాపీ వెళ్ళింది. నా దారి నాకు తెలుసండి. మీరు కూడా వస్తే కలిసే వెళదాం."

బంగారరాజు చేతిలోని దొప్ప వంగి దీపం మెట్టు మీద పడింది. తీసేవాళ్ళు లేరు.

కనకదుర్గ అనే ముసలావిడ ముందుకు వచ్చింది. ఆ పడవలో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి. వీరలక్ష్మిని మొదటి ఏడు మెట్ల మీంచి గట్టు మీదికి నెట్టేసింది ఆవిడే. తాతారావు చేతిలోని తువ్వాలులోంచి ముక్క లాక్కుని, మూడు చీలల మీదా వేలు పెట్టింది. చెక్కను గోటితో గీకింది. వాసన చూసింది.

"మామిడి," అంది. తరవాత ఎవరితోనూ కాకుండా, "నా పిల్లలిద్దరినీ మామిడి చెక్క మీద ఎక్కించేరు," అంది.

ముక్కను బంగారరాజు పంచె మీదికి విసురుతుందేమో అనుకున్నారంతా. ఆవిడ దాన్ని జాగ్రత్తగా కొంగున కట్టుకుంది. గట్టు వైపు తలెత్తింది.

"వీరలక్ష్మీ! అక్కడ నిలబడ్డావేం? దిగు. మెట్లు పాకుడు పట్టేయి, చూసుకుని దిగు."

వీరలక్ష్మి వెంటనే కదలలేదు. తొమ్మిదేళ్ళు నిలబడ్డ చోటును కాళ్ళు సులువుగా వదలవు. కూతురి వంక చూసింది. ప్రసన్న తల ఊపి, గిటారు మెట్టు మీద వేలు పెట్టింది.

తాతారావు పైకెక్కి, గట్టును ఆనుకున్న పైమెట్టు మీద, పెట్టెకు వీపు పెట్టి కూర్చున్నాడు. పాట మొదలైంది. తెడ్డు వేసేవాళ్ళు ఊపిరి కోసం ఆగేచోట అదీ ఆగుతూ, నీళ్ళ మీదికి సాగింది. లావు తీగ మీద మూడో మెట్టుకు వచ్చినప్పుడు తాతారావు పళ్ళు బిగించాడు. పెట్టె పుక్కిలించలేదు. కంతలోంచి గాలి ఒక్కసారి బయటికి వచ్చింది. అతని మెడకు అది తగిలింది. చల్లగా, చెమ్మగా, చాలాసేపు ఆపుకున్న మనిషి ఊపిరిలా ఉంది.

వీరలక్ష్మి అతన్ని దాటుకుని దిగింది. ఆగలేదు, తిట్టలేదు, వంగి చూడలేదు. ఆమె చీర అంచు తన భుజానికి తగలకుండా అతనే పక్కకు జరిగాడు. పాట మళ్ళీ ఆ మెట్టు మీదికి వచ్చినప్పుడల్లా గాలి అతని మెడకు తగులుతూనే ఉంది. వెనక్కి చెయ్యి చాచితే ఆ కంతను అరచేత్తో మూయవచ్చు. తాతారావు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటి వంకే చూస్తూ, పోలీసు జీపు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.